గృహకళలు: కొద్ది సొమ్ముతో కెమేరా, కటకములు

కాకినాడనుండి యొక సోదరి వ్రాసిన జాబు మాకు చేరినది. రెండు సంవత్సరములపాటు కుట్టుపనివలన వచ్చినదానిలో ఇంటిఖర్చులకు పోగా మిగిల్చిన 35,000 రూపాయలు ఆమె చేతనున్నవి. ఇరుగుపొరుగు ఇండ్లలో జరుగు బారసాలలకు, అన్నప్రాశనములకు, ఓణీల వేడుకలకు ఛాయాచిత్రములు తీసి, ఆ పనిని మెల్లగా కుట్టుపనికి తోడు చేసికొనవలెనని ఆమె సంకల్పము. ఒక దుకాణదారుడు సరిక్రొత్త కెమేరా నొకదానిని, దానికి రెండు జూము కటకములను, ఒక సంచిని, మూడుకాళ్ల స్టాండును చేర్చి చూపి, ఇంతకన్న మంచి బేరము మఱి దొరకదనియు, తక్కువపడిన 20,000 రూపాయలను నెలసరి వాయిదాలుగా చెల్లింపవచ్చుననియు చెప్పెనట. ఇంటివారు మాత్రము, చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇంకొక పెట్టె యెందుకని అడ్డుపడుచున్నారట. ఈ రెండు మాటలలో దేనిని వినవలెనని ఆమె యడుగుచున్నారు. ఇట్టి సందేహమునే మఱికొందఱు సోదరీమణులును తెలిపియుండుటచే ఈ నెల శీర్షికను దీనికే వినియోగించుచున్నాము.

దుకాణదారుని మాట వినవలదు. అప్పుచేసి కెమేరా కొనవలదు. మొదట కటకమును నిశ్చయించుకొని, పిమ్మట ఆ కటకమునకు తగిన కెమేరాను, ఒకరు వాడి విడిచినదానిని, చూచి కొనుడు. మనవారు సాధారణముగా దీనికి విరుద్ధముగా నడచుకొందురు. కెమేరా క్రొత్తదా, దానికెన్ని మెగాపిక్సెళ్లు, తెర యెటు తిరుగును అని పదిమందిని విచారింతురు గాని, లెన్సు అనెడి కటకము పెట్టెతోపాటు వచ్చినదే చాలునని యూరకుందురు. చీర కొనునపుడు అంచును మెచ్చుకొని నేతను చూడకుండుట యెట్టిదో యిదియు నట్టిదే. చీకటిగదిలో బిడ్డ నవ్వును పట్టుకొనునది కటకమే. వర్తకులు బాడీ యని పిలుచు ఆ పెట్టె నాలుగైదేండ్లకు పాతబడును. మంచి కటకము ఇరువదియేండ్లైనను చెడకుండ పనిచేయును.

ఇంటివారి మాటను పూర్తిగా కొట్టివేయుటకు వీలులేదు. పట్టపగలు పెరటిలో నిలుచున్న మనుష్యులను తీయుటకు నేటి సెల్‌ఫోను చాలును. పండుగకు వేసిన ముగ్గును, గుమ్మమునకు కట్టిన తోరణమును బంధువులకు చూపుటకైనచో వేఱే ఖర్చు పెట్టనక్కఱలేదు. కావున వేడుకకై, ఇంటి జ్ఞాపకములకై మాత్రమే కెమేరా కోరుచున్న సోదరీమణులు ఆ సొమ్మును దాచుకొని, తీసినవానిలో మంచివానిని కాగితముపై అచ్చువేయించుకొనుట మేలని మా యభిప్రాయము. కాని కాకినాడ సోదరి పని యట్టిది కాదు. ఆమె పని ఇంటిలోపల, రాత్రివేళ, కదలుచున్న పసిబిడ్డలతోను, హారతి పళ్లెముతోను. ఫోనులో వెలుతురును గ్రహించు సెన్సారు చిన్నది. పేరుమోసిన ఖరీదైన ఫోనులలో సయితము దాని వైశాల్యము సాధారణ కెమేరా సెన్సారులో అయిదవవంతు ప్రాంతమున నుండును; చవుక ఫోనులలో ఇంకను తక్కువ. ఆ లోపమును కప్పుటకు ఫోను ఒక్క క్షణములో అనేక చిత్రములను తీసి, వానిని కలిపి ఒకటిగా కూర్చును. నిశ్చలమైన వస్తువునకు ఈ ఉపాయము బాగుగనే యుండును. ఊయలలోని బిడ్డ చేయి విదిలించినచో ఆ కూర్పు చెదరి, వ్రేళ్లు మసకగుడ్డవలె కనబడును. సొమ్ము తీసికొని చేయు పనిలో ఆ మసక యొప్పదు.

కెమేరాకును స్త్రీలకును మన దేశములో పాత సంబంధమే కలదు. 1892వ సంవత్సరమున రాజా దీన్‌దయాళుగారు హైదరాబాదులో జనానా స్టూడియోను నెలకొల్పి, ఘోషా స్త్రీలకు చిత్రములు తీయు పనిని ఒక ఆంగ్లవనిత కప్పగించిరి. భారతదేశమున వార్తాపత్రికలకు చిత్రములు తీసిన మొదటి మహిళగా ప్రసిద్ధి కెక్కిన హోమై వ్యారావాలాగారు 1913లో జన్మించి, స్వాతంత్ర్యము వచ్చిన కాలపు ఢిల్లీనంతయు తమ కెమేరాలో నిలిపి, 2011లో పద్మవిభూషణ గౌరవమంది, 2012లో కన్నుమూసిరి. ఆమె వాడిన కెమేరాలలో రోలీఫ్లెక్సు ఒకటి. దానికి కటకమును మార్చు వీలే లేదు. దగ్గఱ కావలసినచో తామే దగ్గఱకు నడువవలెను, దూరము కావలసినచో తామే వెనుకకు జరుగవలెను. రెండు జూములు లేనిదే వృత్తి సాగదని భయపెట్టు వర్తకులు కలిసినపుడు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును.

ఇక కటకముమీద చెక్కియుండు అంకెలను చదువుట నేర్చుకొనవలెను. ఇది వచ్చినచో సగము పని యైనట్లే. కటకముపై రెండు విధములైన సంఖ్యలుండును. 35 అనియో, 50 అనియో, 18-55 అనియో ఉన్నవి మిల్లీమీటర్లలో చెప్పిన నాభ్యంతరములు. ఈ సంఖ్య చిన్నదైనకొలది చిత్రములో చోటు విశాలముగా పట్టును. పెద్దదైనకొలది దూరపు వస్తువు దగ్గఱకు వచ్చినట్లుండి చోటు సన్నగిల్లును. 18-55 అని రెండంకెలున్నచో అది జూము, అనగా చేతితో త్రిప్పి మార్చుకొనదగినది. ఒక్క యంకెయే యున్నచో అది మారని కటకము. దానినే ప్రైము అందురు. రెండవ సంఖ్య ఎఫ్ అను నక్షరముతో వచ్చునది. ఇది కటకములోని ద్వారము ఎంత తెఱచుకొనునో చెప్పును. ఇక్కడ లెక్క తలక్రిందులు: సంఖ్య చిన్నదైనచో ద్వారము పెద్దది. ఎఫ్ 1.8 అనగా వీధితలుపు బార్లా తెఱచినట్లు; ఎఫ్ 5.6 అనగా కిటికీ ఱెక్క నొకదానిని ఓరగా తీసినట్లు.

కెమేరాతోపాటు వచ్చు 18-55 జూమునకు 55 వద్ద ద్వారము ఎఫ్ 5.6కు మించి తెఱచుకొనదు. ఎఫ్ 1.8 ప్రైము కటకము దానికన్న పదిరెట్లకు కొంచెము తక్కువగా వెలుతురును లోనికి పంపును. ఈ పదిరెట్లు మన ఇండ్లలో ఏమి చేయునో లెక్కవేసి చూపెదము. రాత్రివేళ సామాన్యమైన దీపపు వెలుతురున్న గదిలో, కెమేరా గ్రహణశక్తిని ఐఎస్‌ఓ 1600 వద్ద నిలిపినచో, ఎఫ్ 5.6 కటకముతో షట్టరు ఇంచుమించు సెకనులో పదునైదవ వంతు కాలము తెఱచియుండవలెను. అదే వెలుతురులో ఎఫ్ 1.8తో సెకనులో నూటయేబదవ వంతు చాలును. పదునైదవ వంతులో పురోహితుని చేయి అక్షతలు చల్లి వెనుకకు మరలును; చిత్రములో చేయి యుండవలసిన చోట పొగ యుండును. నూటయేబదవ వంతులో అక్షతలు గాలిలో నిలిచియుండుట కనబడును. ఈ తేడాను ఎన్ని మెగాపిక్సెళ్లును తీర్చలేవు.

అయినచో అందఱును చెప్పుచున్నట్లు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకమునే కొనవచ్చునా? దీనిని చవుకగా లభించు ఉత్తమకటకమని అంతటను పొగడుదురు. పొగడ్త అసత్యమును కాదు. కాని మన గదుల కొలతలను ఎవరును చెప్పరు. మన సొమ్మునకు అందు కెమేరాలలో నుండునది ఏపీఎస్-సీ అను పేరుగల సెన్సారు. దాని వెడల్పు నికాన్‌లో 23.5 మిల్లీమీటర్లు, కానన్‌లో 22.3. చిత్రములో ఎంత వెడల్పు చోటు పట్టునో తెలిసికొనుటకు, మనము నిలుచున్న దూరమును సెన్సారు వెడల్పుతో హెచ్చించి, కటకపు సంఖ్యచే భాగింపవలెను. పది యడుగుల దూరమున నిలిచినచో 50 కటకములో పట్టునది నాలుగడుగుల ఎనిమిదంగుళములు మాత్రమే. పీటలపై కూర్చున్న తల్లియు, తండ్రియు, ఒడిలోని బిడ్డయు పట్టుదురు. వెనుక నిలుచున్న మేనమామయు, మేనత్తలును వెలియగుదురు. వెనుకకు జరుగుదమన్నచో వెనుక గోడ. అదే దూరమున 35 కటకములో ఆఱడుగుల ఎనిమిదంగుళములు, 18లో పదుమూడడుగులు పట్టును. పది యడుగులు, పండ్రెండడుగులు గల మన ముందుగదులలో 50 కటకము ఒక్కరి ముఖమునకు మిక్కిలి సొగసైనది గాని, కుటుంబమునకు ఇఱుకు. ఇది తెలియక 50 కొని, బారసాలకు పోయి, వీధిలో నిలిచి తలుపులోనుండి చిత్రములు తీసినవారు కలరు.

కావున 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకమే ఈ పనికి తగినదని మా తీర్పు. నికాన్ కంపెనీ చిన్న సెన్సారు కెమేరాలకై 2009లో ఇట్టి కటకము నొకదానిని విడుదల చేసెను. వాడినది తఱచుగా దొరకును. కానన్ కుటుంబములో ఇంత చవుకగా దీనికి సరియైన జోడు లేదు. అచట 24 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 కటకము, 2014లో వచ్చినది, రొట్టెవలె పలుచగా నుండి గదిలోపలి పనికి బాగుగ నుండును. అయితే అది లోనికి పంపు వెలుతురు ఎఫ్ 1.8 పంపుదానిలో సగముకన్న తక్కువ. కానన్ 50 ఎఫ్ 1.8, 2015 నాటిది, చవుకయే గాని దాని యిఱుకును పైన చెప్పితిమి. ఏది కొందుమో నిశ్చయించుకొనుటకు పైసా ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. తెలిసినవారి 18-55 జూమును ఒక పూట యెరువు తెచ్చుకొని, 35 వద్ద నుంచి, జరుగకుండ కాగితపు పట్టీ అంటించి, ఇంటిలో అందఱిని తీయుడు. మఱునాడు 50 వద్ద నుంచి తీయుడు. ఏ దినమున గోడకు వీపు తగిలినదో అదియే సమాధానము.

దుకాణదారుడు చూపిన రెండవ జూము, 70 మొదలు 300 వఱకు పోవునది, చెట్టుమీది పిట్టలకును, మైదానములోని ఆటగాండ్రకును. పేరంటములో దానికి పనిలేదు. ద్వారము చిన్నది, బరువు పెద్దది, సగము సొమ్ము దానియందే యిఱుకును. మొదటి జూమైన 18-55ను మాత్రము చులుకన చేయరాదు. పగటివేళ వాకిటిలో పదునైదుగురిని ఒక్క వరుసలో నిలిపినపుడు దానికన్న సుఖమైనది లేదు. వాడిన కెమేరాలు కొనునపుడు తఱచుగా అది వెంటనే వచ్చును. విడిగా కొన్నను స్వల్పమే.

కెమేరా పెట్టె విషయము. 2018లో నికాన్, కానన్ రెండు కంపెనీలును లోపల అద్దము లేని పెద్ద సెన్సారు కెమేరాలను, వానికి క్రొత్త మౌంటులను తెచ్చినవి. మౌంటు అనగా కటకమును కెమేరాకు బిగించు కంకణము. నాటినుండి వృత్తిలోనున్నవారు క్రొత్తవానికి మారుచు, అద్దమున్న డీఎస్ఎల్ఆర్ కెమేరాలను విడిచిపెట్టుచున్నారు. వారు విడిచినది మనకు లాభము. అద్దము లేనివి మంచివి కావనుట కాదు. మనిషి కంటిని తామే వెదకి పట్టుకొను నేర్పులో అవి మేలైనవి. కాని వాని కటకములు ప్రియము, మన సొమ్ము పరిమితము. నికాన్ డి3300, డి3400, డి5300, డి5600, డి3500, కానన్ 750డి, 200డి, ఇవన్నియు 24 మెగాపిక్సెళ్లవే. ఆ మాత్రము చాలునా అని యడిగెదరేమో. 24 మెగాపిక్సెళ్ల చిత్రమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేసినచో 20 అంగుళముల పొడవు, 13 అంగుళములకు పైగా వెడల్పు వచ్చును. పెండ్లి ఆల్బములలో పెద్దదనదగిన 12, 18 అంగుళముల పుటకు అది చాలి మిగులును. పై పేర్లలో ఏది క్రొత్తది, ఏది పాతది యని తలపగులగొట్టుకొనుటకన్న, ఏది తక్కువ వాడబడి శుభ్రముగా నున్నదో దానిని కొనుట తెలివి.

మౌంటు విషయమున మాత్రము జాగ్రత్త వహింపవలెను. కెమేరా కొనుటయనగా ఒక వంశముతో వియ్యమందుట. నికాన్‌వారి ఎఫ్ మౌంటు 1959 నాటిది, కానన్‌వారి ఈఎఫ్ మౌంటు 1987 నాటిది. ఒకరి కటకము ఇంకొకరికి నేరుగా అమరదు. ఒకే వంశములోను చిక్కులు కలవు. పైన చెప్పిన నికాన్ కెమేరాలలో కటకమును త్రిప్పి స్పష్టత కుదుర్చు మోటారు పెట్టెలో లేదు. అది కటకములోనే యుండవలెను. ఏఎఫ్-ఎస్ అని గుర్తుండు కటకములలో ఆ మోటారు ఉండును. ఏఎఫ్-డి అని గుర్తున్న పాతవి సగము ధరకు దొరకినను, అవి ఈ కెమేరాలలో చేతితో త్రిప్పుకొనిననే గాని పనిచేయవు. బిడ్డ ప్రాకుచుండగా చేతితో త్రిప్పి కుదుర్చుట కొత్తవారికి శక్యము కాదు. చవుకని సంతోషించి కొన్న తరువాత తెలిసికొనుటకన్న, ఆ మూడక్షరములను అంగడిలోనే చదువుట మంచిది.

వాడిన సరకు కొనుట కొందఱికి సందేహముగా నుండును. ఆ సందేహము మంచిదే. దానిని పరీక్షగా మార్చుకొనవలెను. వెంట ఒక చిన్న టార్చిని తీసికొనిపోయి, కటకమును విప్పి, వెనుకనుండి వెలుతురు వేసి, ముందునుండి ఏటవాలుగా చూడుడు. సాలెగూటి దారములవంటి తెల్లని పోగులు కనబడినచో అది బూజు. సముద్రతీరపు ఊళ్లలో ఇది మిక్కిలి సామాన్యము. ఎంత చవుకయైనను బూజు పట్టిన కటకమును ఇంటికి తేవలదు. రెండు మూడు దుమ్ముకణములు మాత్రము చిత్రమును చెఱుపవు. వానిని చూచి మంచి కటకమును వదలుకొనకుడు. పిమ్మట ద్వారమును ఎఫ్ 16కు తగ్గించి తెల్లని ఆకాశమునుగాని సున్నపు గోడనుగాని తీయుడు. చిత్రములో బూడిదరంగు చుక్కలున్నచో సెన్సారుపై మురికి యున్నది. తుడిపింపవచ్చును, అంతమేరకు ధర తగ్గింపుమని యడుగవచ్చును. షట్టరు ఎన్నిసార్లు కొట్టుకొన్నదో ఆ లెక్క నికాన్ చిత్రములలో దాగియుండును; కంప్యూటరులో చూపుమని యడుగుడు. డి3500 వంటి కెమేరాల షట్టరును కంపెనీవారు లక్షసార్లు పరీక్షించిరి. ముప్పదివేలలోపు నున్నచో సంతోషముగా కొనవచ్చును. ఎనుబదివేలు దాటినచో బేరము మాని లేచి రావచ్చును. పెట్టెపై సంఖ్యయు, అసలు రసీదుపై సంఖ్యయు ఒకటిగా నున్నవో లేవో చూడవలెను. రసీదు లేని సరకు దొంగసొత్తు కావచ్చును. హైదరాబాదు కోఠి ప్రాంతమున ఇట్టి అంగళ్లు గలవు. పెద్ద పట్టణములలో కెమేరాలను దినపు అద్దెకిచ్చువారును గలరు. కొనదలచిన జోడును ఒక్కదినము అద్దెకు తెచ్చి చుట్టాలింటి వేడుకలో వాడిచూచుట వందలతో పోవును, వేలను కాపాడును.

తక్కిన సొమ్ములో ఫ్లాషుదీపము ముఖ్యము. కెమేరా నెత్తినుండి లేచు చిన్న ఫ్లాషు ముఖమును సున్నము కొట్టినట్లు చేసి, వెనుక గోడపై నల్లని నీడను పాఱవేయును. తల పైకి తిరుగునట్టి ఫ్లాషును కొని, దానిని తెల్లని కప్పువైపునకు త్రిప్పినచో, కప్పుపై పడిన వెలుగు గదియంతయు నిండి వాన కురిసినట్లు మెత్తగా దిగును. రెండవ కటకమునకన్న దీనికే మొదట సొమ్ము పెట్టుడు. ఇక్కడను ఒక మెలిక కలదు. కానన్ 3000డి, 200డి రెండవ రకము కెమేరాలలో ఫ్లాషు అమర్చు చోట నడిమి లోహపు బిందువు తీసివేయబడినది. అందుచే ఇతర కంపెనీల చవుక ఫ్లాషులు వానిపై వెలుగవు. ఆ రెండింటిని మానుటయే మేలు.

కాకినాడ సోదరి 35,000 రూపాయలను మేమైనచో ఇట్లు పంచెదము. 18-55తో కూడిన వాడిన కెమేరాకు 17,500, వాడిన 35 కటకమునకు 8,500, ఫ్లాషునకు 4,000, రెండు కార్డులకు, రెండవ బ్యాటరీకి 3,500, తేమ చొరని పెట్టెకు 1,500. ధరలు ఊరూరికిని, నెలనెలకును మారుచుండును. అంకెలు అటునిటు జరిగినను, సగమునకు మించి కెమేరాకు పోకుండ చూచుకొనవలెను. స్టాండు, అలంకారపు సంచి, కటకము ముందు బిగించు గాజుబిళ్లలు ఇప్పుడు వలదు. పాత చీరను మడతపెట్టి కుట్టిన సంచి, కుట్టుపని వచ్చిన ఆమెకు ఒక సాయంకాలపు పని.

రెండు కార్డులు విలాసమునకు కాదు. ఈ కెమేరాలలో కార్డు పెట్టు అర యొక్కటే. బిడ్డకు పేరు పెట్టు ముహూర్తము మరల రాదు. కార్డు చెడినచో ఆ తల్లికి తిరిగి చూపునది లేదు, తీసినవారికి ఆ వీధిలో మరల పిలుపు రాదు. వేడుక సగమైన తరువాత కార్డును మార్చవలెను. ఇంటికి చేరిన రాత్రియే, నిద్రకు పోకమునుపే, చిత్రములను రెండు వేఱువేఱు చోట్ల దాచి, ఆ తరువాతనే కార్డును తుడువవలెను. ఎంత ప్రొద్దుపోయినను ఈ నియమమును తప్పరాదు. బ్యాటరీ పొంగి, అరలో బిగుసుకొనియున్నచో దానిని వాడవలదు.

ఎఫ్ 1.8 వద్ద స్పష్టత నిలుచు లోతు చాల తక్కువ. అయిదడుగుల దూరమున 35 కటకముతో తీసినపుడు స్పష్టముగా నుండునది ఇంచుమించు అయిదంగుళముల మందమే. ఒక్క ముఖమునకు అది చాలును. తల్లియు బిడ్డయు ముందువెనుకలుగా నున్నచో ఒకరి కన్నులు మసకపడును. అట్టిచోట ద్వారమును ఎఫ్ 2.8కో, 4కో తగ్గించుకొనవలెను. మన విద్యుత్తు సెకనునకు 50 ఆవర్తములు గలది గనుక, ట్యూబు దీపములును, చవుక ఎల్ఈడీ దీపములును సెకనులో నూఱుసార్లు మినుకుచుండును. కంటికి తెలియదు గాని, షట్టరు మఱీ వేగముగా నున్నచో చిత్రముపై అడ్డచారలు పడును. చారలు కనబడినపుడు షట్టరును నూఱవ వంతునకు దించినచో అవి పోవును. పగటి వేడుకయైనచో పీటలను కిటికీకి ఎదురుగా వేయుమని ముందుగనే ఇంటివారి నడుగుడు. పురోహితుడు తూర్పుముఖమన్నచో తూర్పు కిటికీని తెఱపింపవచ్చును. సిగ్గుపడి యడుగకుండుటవలననే అనేక చిత్రములు చెడుచున్నవి.

తీరపు ఊళ్లలో నివసించువారికి తేమయే మొదటి శత్రువు. కెమేరాను తోలు సంచిలో మూసి బీరువాలో పెట్టుటవలన బూజు పెరుగును. మూత గట్టిగా పడు ప్లాస్టికు డబ్బాలో సిలికా గుళికల పొట్లములతో ఉంచవలెను. తేమను చూపు చిన్న యంత్రము నందులో వేసి, అది నూటికి 40 మొదలు 50 వఱకు చూపునట్లు చూచుకొనుడు. బియ్యపు డబ్బాలో దాచుమని కొందఱు చెప్పుదురు. బియ్యపు పిండి కటకపు సందులలో చేరును గనుక అది వలదు. నీలిరంగు గుళికలు తేమ పీల్చి గులాబిరంగునకు తిరిగినపుడు, వంటకు వాడని మూకుడులో సన్నని సెగపై వేడిచేసినచో మరల నీలిరంగు వచ్చును. అవి విషపదార్థము గలవి, పిల్లల చేతికి అందనీయరాదు. ఆషాఢములో వేడుకలు తక్కువ, వానలు మొదలు. కెమేరా పెట్టెలో పడియుండి బూజు పట్టునది తఱచుగా ఆ నెలయందే. వారమున కొకసారి దానిని బయటికి తీసి, కటకమును విప్పి, రెండు వైపులను వెలుతురునకు చూపి, ఇంటిలో ఎవరినైనను పది చిత్రములు తీసి మరల లోపల పెట్టుడు.